పులివెందులలో ప్రాక్టికల్

జూలై 9, 1961. ఆదివారం. ప్రొద్దుటూరు

జమ్మలమడుగు నుంచి ఇప్పుడే వచ్చాను. ఒళ్లంతా దుమ్ము. ఇక ప్రతి శని, ఆదివారాలు ఇదే బస్సు. ట్రైనింగ్ లేని టీచర్లకు ఇదొక్కటే దారి. వారమంతా మన బడిలో పాఠం చెప్పాలి, సెలవుల్లో జమ్మలమడుగు ట్రైనింగ్ సెంటర్‌కు పోయి పాఠం వినాలి. డిసెంబర్‌లో ప్రాక్టికల్, జనవరిలో థియరీ. సర్టిఫికెట్ రాకపోతే వచ్చే ఏడు నా క్లాసు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని హెడ్‌మిస్ట్రెస్ మెల్లగానే చెప్పింది. మెల్లగా చెప్పినందుకే భయమేసింది.

ఇంకో భయం ఉంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు మూడో నెల.

జూలై 10

రాయకుండా ఉండాల్సింది.

జూలై 23

సెంటర్‌లో ఆడవాళ్లం ఇద్దరమే. నేను, రాములమ్మ. ఆమె జమ్మలమడుగులో మిషన్ బడి టీచర్, నాకంటే చాలా పెద్దది. పెరట్లో వాంతి చేసుకుంటుంటే వచ్చి వీపు నిమిరింది. ఎన్నో నెల అని అడిగింది. చెప్పేశాను. ముందు రెండు కాన్పుల సంగతి కూడా చెప్పేశాను. మొదటిసారి మైదుకూరు నుంచి బండిలో వస్తుంటే నెలలు నిండకుండానే నొప్పులొచ్చాయి. దక్కలేదు. రెండోసారి అన్నీ బాగున్నాయి. చివర్లో ఒక రోజు కడుపులో కదలడం మానేసింది. అంతే.

అన్నాల దగ్గర రాములమ్మ తన డబ్బాలోని ఊరగాయ నా అన్నంలో వేసింది.

ఆగస్టు 20

క్రిటిసిజం లెసన్. మనం పాఠం చెబుతుంటే మాకు ట్రైనింగ్ ఇచ్చే ఆనందయ్య సారు, తోటి టీచర్లు వెనక బెంచీల్లో కూర్చుని తప్పులు పడతారు. నాకు గొంతు రాలేదు. బడిలో పిల్లల ముందు లేచే గొంతు మగవాళ్ల ముందు ఎక్కడికి పోతుందో! "పిల్లోళ్లకు చెప్తాండావా, గోడకు చెప్తాండావా తల్లీ?" అన్నారు సారు. అందరూ నవ్వారు. డిసెంబర్‌లో వెనక బెంచీలో కూర్చునేది కడప నుంచి వచ్చే ఇన్‌స్పెక్ట్రెస్. పోయినసారి ఒక టీచర్‌ను పాఠం మధ్యలోనే ఆపి పంపించేసిందట.

ఆగస్టు 27

కదిలింది.

సెప్టెంబర్ 3

ఆయనకు చెప్పాను. కుట్టుమిషన్ తొక్కుతున్న కాలు ఆగింది. కాసేపటికి మళ్లీ తొక్కడం మొదలుపెట్టారు. కుట్టు వంకరపోయింది.

అత్త వాకిట్లో బియ్యం ఏరుతూ అంతా వింది. ఆమెకు ముందే తెలుసట. "నాకు ఎప్పుడో ఎరికే. నోటితో అంటే దిష్టి తగుల్తాదని ఊరికే ఉండా" అంది. తర్వాత చేట పక్కన పెట్టింది. "ఇంక బస్సెక్కొద్దు బేటీ. సర్టిఫికెట్ ఈ ఏడు కాకుంటే ఇంకో ఏడు వస్తాది. ఇది పోతే యాడ తెస్తావు?"

లేచి పొయ్యి దగ్గరికి పోయాను. వంటింట్లోకి వచ్చి ఆయన అడిగారు, నీకేం చెయ్యాలనుందని. నాకు రెండూ కావాలన్నాను. ఇట్లా అడగడం తప్పేమోనని కూడా అన్నాను. ఆయన చొక్కా వేసుకుని బస్టాండుకు పోయారు. ముందు సీటు ఇస్తానని, గుంతల దగ్గర మెల్లగా తోలతానని డ్రైవర్ కమాల్ బాషాతో మాట తీసుకుని వచ్చారు.

నవంబర్ 19

ప్రాక్టికల్ ఎవరికి ఏ ఊళ్లోనో చీట్లు వేసి తేల్చారు. రాములమ్మకు జమ్మలమడుగు. నాకు పులివెందుల. మార్చమని సారును అడిగాను. "నా చేతుల్లో ఏమీ లేదు తల్లీ" అన్నారు. ఆ దారిలో కమాల్ బాషా బస్సు పోదు.

డిసెంబర్ 6

రేపు ప్రాక్టికల్, ఆయన తోడు వస్తున్నారు. సాయంత్రం అత్త వచ్చి నా జబ్బకు తావీజు కట్టింది. ముడి పడలేదు. విప్పి మళ్లీ కట్టింది.

డిసెంబర్ 7. పులివెందుల. ఉదయం

ముద్దనూరు దాటినప్పటి నుంచి కదల్లేదు.

ఆయనకు చెప్పలేదు. చెబితే వెనక్కి తీసుకుపోతారు. బడి వరండాలో కూర్చుని రాస్తున్నాను. చల్లటి నీళ్లు తాగాను. ఎడమ పక్కకు ఒరిగాను. చేత్తో తట్టాను.

లేదు.

పిలుస్తున్నారు.

డిసెంబర్ 8. పులివెందుల ఆసుపత్రి

ఇప్పుడు రాయగలను.

పాఠం పెన్నా నది. ఇన్‌స్పెక్ట్రెస్ వెనక బెంచీలో కళ్లజోడు తుడుచుకుంటూ కూర్చుంది. బోర్డు మీద నది గీత మొదలుపెట్టాను. చాక్‌పీస్ విరిగింది. గండికోట దగ్గర కొండను చీల్చుకుంటూ వస్తుందని చెబుతున్నాను, ఒక చెయ్యి కడుపు మీదే ఉంది. నేనేం మనిషిని, బిడ్డ కదలకపోతే నది గీస్తున్నాను అనుకున్నాను. మాట ఆగిపోయింది. ఇన్‌స్పెక్ట్రెస్ తలెత్తింది.

అప్పుడు ముందు వరసలో ఒక పిల్ల లేచింది. "టీచరమ్మా, మా అవ్వోళ్ల ఊరు ఏటి పక్కనే. ఏట్లో నీళ్లు యాడుండాయి? అంతా ఇసకే గదా!" అంది. క్లాసంతా గొల్లుమంది. లెసన్ నోట్స్‌లో అది లేదు. మరి ఆ ఊళ్లో నీళ్లెట్లా తాగుతారని అడిగాను. ఇసకలో చెలమ తవ్వుతారంది. ఎట్లా తవ్వుతారో చేతులతో చూపించింది. ఎండాకాలంలో నది ఇసుక కింద ఉంటుందని నేను చెప్పాను. ఇంకొకడు లేచాడు, ఇంకొకడు. నా గొంతు ఎప్పుడు వచ్చిందో తెలియదు. గంట కొట్టారు.

పిల్లలు పోగానే బెంచీ మీద కూలబడ్డాను. బిడ్డ కదలడం లేదని ఇన్‌స్పెక్ట్రెస్‌తో చెప్పాను. ముందుగా చెప్పింది ఆమెకే. ఆమె నా మొహం చూసి జీపు పిలిపించింది.

నర్సు గొట్టం పెట్టి విన్నది. జరిపి మళ్లీ విన్నది. నేను ఆమె మొహం చూడలేక పైకప్పు చూశాను. "ఉండాదమ్మా. కొట్టుకుంటాంది" అంది.

తలుపు దగ్గర ఇన్‌స్పెక్ట్రెస్ ఇంకా నిలబడే ఉంది. ముందే ఎందుకు చెప్పలేదని అడిగింది. చెబితే పాఠం ఆపేస్తారని అన్నాను. "మార్కుల సంగతి తర్వాత. ముందు పడుకో" అని కసిరి పోయింది.

ఆయన బయట గోడకు ఆనుకుని ఏడుస్తున్నారని ఆయా చెప్పింది.

డిసెంబర్ 24. ప్రొద్దుటూరు

క్రిస్మస్ పండగ పనులన్నీ వదిలేసి రాములమ్మ వచ్చింది. నేను ప్రాక్టికల్ పాసట! థియరీ జనవరి రెండో వారంలో. కాన్పు కూడా అప్పుడే. ఈసారి రాయనని చెప్పాను. ప్రాక్టికల్ మార్కులు అట్లాగే ఉంటాయట, థియరీ ఎండాకాలంలో రాయొచ్చట. అప్పటిదాకా ఆగమని హెడ్‌మిస్ట్రెస్‌ను అడిగాను. చూస్తానంది. ఈసారీ మెల్లగానే అంది.

జనవరి 11, 1962

నిన్న ఆడపిల్ల పుట్టింది. ఇప్పుడు నిద్రపోతోంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. అడుగుల చప్పుడు విని కళ్లు మూసుకున్నాను. అత్త వచ్చింది, వంగి, వేలు పెట్టి చూసి పోయింది. తర్వాత ఆయన వచ్చారు. నేను నిద్ర నటిస్తూనే ఉన్నాను.