గేటుకి తగిలించిన క్యారేజీ

అమ్మా,

ఎలా ఉన్నావు? నువ్వు వెళ్ళిపోయి పద్నాలుగు నెలలైంది. ఏడాది దాటితే కాస్త తేలికవుతుందని అందరూ అన్నారు. ఎవరికి తేలికైందో తెలియదు కానీ...

ఇవాళ నీకొక సంగతి చెప్పాలి. ఇంకెవరికి చెప్పినా నన్నే తిడతారు. నువ్వూ తిడతావులే, కానీ చివరిదాకా విని తిడతావు.

మన తెనాలి ఇంట్లో పది రోజులు ఎవరూ గడప దాటలేదు. స్వైన్ ఫ్లూ అని ఒక జబ్బు వచ్చింది, నువ్వున్నప్పుడు లేదు. దేశాలన్నీ తిరిగి మన వీధికి కూడా వచ్చింది. తమ్ముడు శీను కంపెనీ పని మీద పూణే వెళ్ళాడు. వచ్చిన రెండో రోజే జ్వరంతో పడుకున్నాడు. పరీక్ష చేస్తే అదేనన్నారు. కంగారుపడకు, తగ్గిపోయింది. మాత్రలిచ్చి, వాణ్ణి మేడ మీద గదిలో ఉంచమన్నారు. నాన్న, వాడి భార్య సునీత, పిల్లలిద్దరూ కింద. పది రోజులు లోపలివాళ్ళు బయటికి రాకూడదు, బయటివాళ్ళు లోపలికి వెళ్ళకూడదు.

ఆ బయటివాళ్ళలో నేనూ ఉన్నాను.

ఫోనులో ఈ మాట వినగానే ముందు భయమే వేసింది, ఒట్టు. కానీ ఆ వెనకాలే ఇంకో ఆలోచన వచ్చింది... నీ దగ్గర దాచడమెందుకు? ఇప్పుడైనా వీళ్ళకి నా అవసరం పడుతుంది అనుకున్నాను. పాలవాడు వీధి మొదట్లోనే ఆగిపోతున్నాడట. పక్కింటివాళ్ళు మన వైపు కిటికీలు మూసేసుకున్నారట. సునీతకి ముప్ఫై కూడా నిండలేదు, ఏం చేసుకోగలదు? నేను లేకపోతే ఇల్లు అల్లాడిపోతుందని నాకు నేనే తేల్చేసుకున్నాను.

ఎలాగూ ప్లీడరుగారి ఆఫీసులో టైపు చెయ్యడానికి రోజూ బాపట్ల నుంచి పాసింజరులో తెనాలి వచ్చేదాన్నే కదా. నా పెళ్ళికి నువ్విచ్చిన మూడు గిన్నెల క్యారేజీ బయటికి తీశాను. మూత మీద నీ పేరు చెక్కించి ఉంటుందే, అది. ఒక గిన్నెలో పప్పు, ఒక దాంట్లో కూర, ఇంకో దాంట్లో పచ్చడో పులుసో. పొద్దున గేటుకి తగిలించి ఆఫీసుకి పోవడం, సాయంత్రం స్టేషనుకి వెళ్తూ ఖాళీది తీసుకోవడం. ముక్కుకి రుమాలు కట్టుకుని, గేటుకి నాలుగడుగుల ఇవతల నిలబడి చూసి వచ్చేదాన్ని.

మొదటి రోజు సాయంత్రమే అర్థమైంది, అక్కడ ఎవరూ అల్లాడిపోవడం లేదని.

మేడ మీది నుంచి తాడుతో ఒక బుట్ట వేలాడుతోంది. శీనుకి అన్నం, మందులు, పేపరు అన్నీ దాంట్లోనే పైకి వెళ్తున్నాయి. అది సునీత ఏర్పాటు. వరండాలో సుద్దముక్కతో అష్టాచెమ్మా గళ్ళు గీసి, పిల్లలు ఒక పక్క, నాన్న ఒక పక్క కూర్చున్నారు. నాన్న గవ్వలు వేస్తున్నారమ్మా! రైల్లో గార్డుగా తిరిగినన్నాళ్ళూ, రిటైరయ్యాక కూడా, మనతో గట్టిగా నాలుగు మాటలు మాట్లాడని మనిషి. చిన్నప్పుడు ఆడదాం రమ్మని నేనెన్నిసార్లు పిలిచాను? ఒక్కసారైనా వచ్చారా?

మూడో రోజు చూస్తే చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. అయిదో రోజు కాఫీ ఆయనే కలిపారట. పెద్దది వరండాలోంచి నాకు అరిచి మరీ చెప్పింది. నీకు ఒళ్ళు కాలిపోతున్న రోజున కూడా హోటలు నుంచి ఫ్లాస్కులో తెప్పించిన మనిషి కదా! నీకు కలిపివ్వని కాఫీ కోడలికి కలిపిచ్చారు. నీ తరఫున కూడా నేనే కుళ్ళుకున్నాను.

నవ్వుతున్నావు కదూ? “నీకు చిన్నప్పటి నుంచీ కుళ్ళేనే రమా, తమ్ముడి కంచంలో నెయ్యి ఎంతుందో తొంగి చూసుకుని గానీ ముద్ద ఎత్తేదానివి కాదు” అనేదానివి. అవును, చూసుకునేదాన్ని. ఇప్పుడూ అదే బుద్ధి.

ఇంకోటి విను. సాయంత్రమయ్యేసరికి నాన్న పిల్లల్ని వరసగా నిలబెట్టి, విజిలు ఊది, రైలాట ఆడిస్తున్నారు. వేమూరు, భట్టిప్రోలు, పల్లెకోన, రేపల్లె... అక్కడ అందరూ దిగి చప్పట్లు. సునీత పుట్టిల్లు రేపల్లె కదా మరి. మేడ మీద శీను కూడా చప్పట్లు. ఏం, బాపట్ల వైపు పట్టాలు లేవా? నిడుబ్రోలు, అప్పికట్ల ఆయన ఎన్ని వందలసార్లు దాటలేదు? ఇంత వయసొచ్చి, గేటు బయట నిలబడి, ఆ ఆటకి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. ఎవరైనా చూస్తే జబ్బు చూసి ఏడుస్తున్నాననుకుని ఉంటారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఆరో రోజు ఒక ఎత్తు.

ఆ సాయంత్రం నలుగురి ముక్కుల మీదా నీ నీలం చుక్కల చీర ఉంది. చీరాల నేత చీర, ఉతికి ఉతికి మెత్తబడిపోయింది, ఇంట్లో ఎప్పుడూ అదే కట్టుకునేదానివి... అది. దాన్ని కత్తిరించి, మడతలు పెట్టి, నాడాలు కుట్టి మాస్కులు చేసింది సునీత. నీ చీరలు పంచుకున్న రోజున అందరూ చూస్తున్నారని నేను పట్టుచీర తీసుకున్నాను. నాకు కావలసింది ఆ నీలం చీర. అడగడానికి మొహమాటపడ్డాను. పాత చీర ఎక్కడికి పోతుందిలే, తర్వాత తీసుకోవచ్చు అనుకున్నాను.

ఒళ్ళు మండిపోయింది. బాపట్లలో దిగేదాకా మనసులో సునీతని ఎన్ని తిట్టానో. మర్నాడు ఆగలేక శీనుకి ఫోను చేసి కడిగేశాను. వాడు దగ్గుతూనే చెప్పాడు. నాన్న మాస్కు పెట్టుకోనని మొండికేశారట. ఎంత బతిమాలినా వినలేదట. ఇది అత్తయ్య చీర ముక్క అని సునీత చెప్పాక ఇక ముక్కు మీంచి తియ్యడం లేదట. అన్నం తినేటప్పుడు కూడా మడిచి కంచం పక్కనే పెట్టుకుంటున్నారట.

ఆ ఆలోచన నాకెందుకు రాలేదమ్మా? ఫోను పెట్టేశాక ముందటికంటే ఎక్కువ మండింది.

అసలు సంగతి ఇప్పుడు చెప్తాను. ఆ క్యారేజీ.

రోజూ ఖాళీగా వచ్చేది. తళతళలాడేలా తోమి, మరిగే నీళ్ళలో ముంచి తీసి, గేటుకి తగిలించి ఉండేది. జబ్బున్న ఇంట్లోంచి ఏమీ బయటికి పంపకూడదని నాకూ తెలుసు. అయినా రోజూ రైల్లో మూత తీసి చూసేదాన్ని. నువ్వున్నప్పుడు మనింట్లోంచి ఒక్క గిన్నె ఖాళీగా వెళ్ళిందా? పక్కింటివాళ్ళదైనా సరే, “ఖాళీది చేతిలో పెట్టకే, కాస్త పంచదారన్నా వెయ్యి” అనేదానివి. ఇప్పుడు నీ పేరున్న గిన్నె నీ ఇంటికి వెళ్ళి ఖాళీగా తిరిగొస్తోంది. ఇక నాకు పుట్టిల్లు లేదన్నమాట... అనుకున్నాను.

పద్నాలుగు నెలలుగా నా భయం అదే. నువ్వు పోయాక నేను ఒక్కసారి కూడా పెరటి గుమ్మంలోంచి రాలేదు, తెలుసా? వీధి గేటు గొళ్ళెం చప్పుడు చేసి, ఎవరో ఒకరు రమ్మన్నాకే లోపలికి వెళ్తున్నాను. నువ్వయితే “చుట్టానివటే, వీధి గుమ్మంలోంచి వస్తావేంటి?” అని కేకలేసేదానివి. ఇప్పుడు అలా కేకలేసేవాళ్ళెవరున్నారు?

పదకొండో రోజున శీను కిందికి దిగాడు. చిక్కిపోయాడు కానీ బాగానే ఉన్నాడు. గేటు తీసే ఉన్నా నేను బయటే నిలబడ్డాను. సునీత క్యారేజీ తెచ్చి చేతికిచ్చింది. బరువుగా ఉంది. కింది గిన్నెల్లో పులిహోర, గారెలు. పై గిన్నెలో పది బెల్లం ముక్కలు.

రోజూ సాయంత్రం నా క్యారేజీ తగిలించే ముందు, పిల్లల చేత ఒక బెల్లం ముక్క నీ ఫొటో ముందున్న సీసాలో వేయించిందట. అత్త గిన్నె ఇవాళ ఖాళీగా వెళ్తోంది, ఇది అత్తది, ఎవరూ ముట్టుకోకూడదు అని చెప్పిందట. నాలుగో రోజుది చిన్నాడు ఒకసారి నాకి మళ్ళీ వేశాడట, ఆ సంగతి పెద్దది అక్కడికక్కడే బయటపెట్టేసింది. తర్వాత సునీత నీ కుంకుమ భరిణె తెచ్చి నాకు బొట్టు పెట్టింది, అచ్చం నీలాగే, కాస్త పైకి.

ఏడుపు రావాలి కదా? వచ్చింది. కానీ ముందు కుళ్ళే వచ్చింది. గిన్నె సంగతి నువ్వు నాకు చెప్పావు. మరి గుర్తు పెట్టుకున్నది ఎవరు? నేను మాత్రం కాదు.

ఎందుకంటే బాపట్లలో మా పెరటి గూట్లో ఒక స్టీలు డబ్బా ఉంది. మూత మీద రేపల్లెలో ఉన్న సునీత వాళ్ళ నాన్నగారి పేరు చెక్కి ఉంటుంది. నువ్వు పోయిన నెలకి, నేను సరిగ్గా తినడం లేదని విని, సునీత సున్నుండలు చేసి పంపిన డబ్బా అది. ఉండలన్నీ తిన్నాం. డబ్బా మాత్రం ఇవ్వలేదు. ఖాళీగా ఇవ్వడం కూడా కాదు, అసలు ఇవ్వనే లేదు. నీ బదులు తను నాకు పంపడమేంటని కోపం. దాంట్లో బట్టల క్లిప్పులు వేసి పెట్టుకున్నాను... పదమూడు నెలలుగా.

ఆ పిల్ల ఒక్కసారి కూడా అడగలేదు.

నిన్న క్లిప్పులు తీసేసి డబ్బా తోమాను. ఇవాళ మినుములు వేయించాను, ఇల్లంతా వాసన. నెయ్యి నీ కొలతే. ఆ కొలత నాకొక్కదానికే చెప్పావు కదూ? సునీతకి కూడా చెప్పి ఉంటే మాత్రం ఆ సంగతి నాకు తెలియనివ్వకు.

కుళ్ళు పోయిందా అంటే పోలేదమ్మా. నాన్న చేతి కాఫీ నేనూ తాగేదాకా పోదు.

ఆదివారం వెళ్తున్నాను. డబ్బా నిండా సున్నుండలతో, పెరటి గుమ్మంలోంచి. ఎవరూ రమ్మనకుండానే.

నీ
రమ