పదమూడో నంబరు పానా

శిక్షణ కేంద్రం,
సోమవారం.

మావయ్యకి,

నీ మేనకోడలు నట్టు నమస్కారం పెట్టి రాసేది. ఇక్కడ మొదటి ఆరు నెలలు ఫోన్లు బీరువాలో పెట్టి తాళం వేస్తారట. అందుకని ఇకనుంచి ఉత్తరాలే. నా కోడికాళ్ళ రాత అర్థం కాకపోతే అమ్మ చేత చదివించుకో. నాన్న చేత ఎలాగూ చదివించుకోవు.

నేను యుద్ధవిమానాల మెకానిక్కునైపోతున్నానని వీధంతా చాటింపు వేసి పంపావు కదా. వచ్చి మూడు వారాలైంది, ఇంతవరకు విమానానికి ఒక్క స్క్రూ తిప్పలేదు. పొద్దున్నే అరవై మందిమి రన్‌వే మీద వరసగా నిలబడి, తలలు దించుకుని నడుస్తూ రాళ్ళు ఏరతాం. గులకరాయి, మేకు, పెన్ను మూత, ఏది కనపడినా నడుముకి కట్టిన సంచిలో వేయాలి. నిన్న నాకు ఒక చొక్కా గుండీ దొరికితే మాస్టారు వీపు తట్టారు.

ఆ తర్వాత హ్యాంగరు, అంటే విమానాలు పెట్టే షెడ్డు. అక్కడి పనిముట్ల పెట్టె నువ్వు చూడాలి. ప్రతి పనిముట్టుకీ దాని ఆకారంలోనే గుంట కోసి ఉంటుంది. నలభై రెండు పనిముట్లు, నలభై రెండు గుంటలు. పని మొదలుపెట్టే ముందు లెక్క, పని అయ్యాక మళ్ళీ లెక్క. ఒక్క గుంట ఖాళీగా ఉన్నా అది దొరికేదాకా ఏ విమానమూ కదలదు. నీ షెడ్డు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నీ పానాలు సగం డబ్బాలో, సగం కిటికీలో, ఒకటి ఎప్పుడూ నీ చొక్కా జేబులో.

అసలు సంగతికి వస్తాను. శిక్షణ పూర్తయ్యాక పరేడ్ ఉంటుంది. మనిషికి రెండే పాసులు, రెండు కుర్చీలూ పక్కపక్కనే. అమ్మని అడిగితే, "ఆ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టు, అదే నాకు పరేడ్" అంది. కనుక ఒకటి నీకు, ఒకటి నాన్నకి. ఇంజను విప్పడం నువ్వు నేర్పావు, చక్రం విప్పడం నాన్న నేర్పాడు. మీలో ఏ ఒక్కరు లేకపోయినా నాకు అక్కడ ఇచ్చే బ్యాడ్జీ పెట్టుకోబుద్ధి కాదు. పదకొండేళ్ళయింది మావయ్యా. ఒక్క పానా కోసం ఇంకా ఎన్నాళ్ళు?

నీ
నట్టు

తా.క. నీ స్కూటరు ఇంకా కటకటమంటోందా?


స్కూటర్ల షెడ్డు,
గురువారం.

చిరంజీవి నట్టుకి మావయ్య ఆశీర్వదించి రాసేది.

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. పదేళ్ళప్పుడు కళ్ళు మూసుకుని కార్బురేటరు విప్పిన పిల్ల చేత రాళ్ళు ఏరిస్తారా? నాలుగేళ్ళప్పుడు నట్టు మింగి, అది బయటపడేదాకా ఇల్లంతటినీ రెండు రోజులు నిలబెట్టిన దానివి. అప్పుడే అనుకున్నాను, ఈ పిల్ల రక్తంలోనే మెకానిక్కు ఉందని.

ఇందులో మతలబు నాకు చటుక్కున తెలిసిపోయింది. పనికి ముందోసారి, పనయ్యాక మరోసారి పనిముట్లు లెక్కపెడుతున్నారంటే అర్థం ఏమిటి? నిన్ను అనుమానిస్తున్నారు. దరఖాస్తులో తండ్రి పేరు రాశావు కదా, విచారణ చేయించి ఉంటారు. మీ నాన్న నా పదమూడో నంబరు పానా ఎత్తుకుపోయిన సంగతి సైన్యం దాకా పాకింది. నేను మాత్రం ఎవరికీ చెప్పలేదు, మన వీధి వాళ్ళకీ పక్క వీధి వాళ్ళకీ తప్ప.

అది ఉత్త పానా కాదు నట్టూ. నాకు పని నేర్పిన గురువు వెళ్ళిపోతూ నా చేతిలో పెట్టిన పానా. ఆ రోజు షెడ్డుకి వచ్చింది మీ నాన్న ఒక్కడే. వచ్చాడు, చేతిలోకి తీసుకుని "పానా బాగుందే" అన్నాడు, వెళ్ళాడు. సాయంత్రానికి పానా లేదు. ఇంతకంటే సాక్ష్యం ఇంకేం కావాలి?

పరేడ్‌కి తప్పకుండా వస్తాను. కానీ అతని పక్కన కూర్చోను. నా కుర్చీ ఏ విమానం రెక్క మీదైనా వేయించు.

నువ్వు బెంగ పెట్టుకోకు. మీ మాస్టారికి నేనే విడిగా ఒక ఉత్తరం రాసి పోస్టులో పడేశాను.

నీ మంచి కోరే
మావయ్య

తా.క. కటకట అలాగే ఉంది. ఇంజను మూడుసార్లు దింపాను, రోగం చిక్కలేదు. వీధంతా వింటున్నారు కానీ, కారణం నాకు తెలుసనే అనుకుంటున్నారు. నువ్వేం నోరు జారకు.


శిక్షణ కేంద్రం,
బుధవారం.

మావయ్యకి,

నమస్కారమే, కానీ పళ్ళు కొరుకుతూ పెట్టిన నమస్కారం.

నీ ఉత్తరం మాస్టారికి అందింది. క్లాసులో పైకి చదివారు. "పిల్ల నిప్పు. దొంగ వాళ్ళ నాన్న ఒక్కడే. కావున ఈ లెక్కలు ఆపించి, పిల్ల చేతికి విమానం ఇవ్వగలరు." ఇప్పుడు నేను పక్కనుంచి వెళితే చాలు, అరవై మందీ జేబులు తడుముకుంటున్నారు.

అనుమానం కాదు మావయ్యా. విమానం ఇంజను గాలిని గుటకలు గుటకలుగా మింగుతుంది. గాలితో పాటు గులకరాయి పోయిందంటే లోపలి రేకులన్నీ పోయినట్టే. పైలట్ కాళ్ళ దగ్గర ఒక పానా మర్చిపోయామనుకో, అది జారి ఏ కడ్డీ సందులోనో ఇరుక్కుంటే ఆయన విమానాన్ని తిప్పలేడు. నీ స్కూటరైతే పక్కకి ఆపి చూసుకుంటావు. పైన ఆపుకోడానికి రోడ్డు లేదు కదా.

ఒకసారి ఇక్కడ ఒక చిన్న టార్చి కనపడకపోతే, రెండు రోజులు రెక్కల పలకలన్నీ విప్పి వెతికారట. దొరికింది. ఎవరినీ దొంగ అనలేదు. ముందు వెతికారు.

సంతోషమైన కబురు. నిన్న మొదటిసారి విమానం మీద చెయ్యి వేయనిచ్చారు. చక్రం బిగించాలి. పుస్తకం తెరిచి, ఒక్కొక్క వాక్యం చదువుతూ చేయాలి. ఒకరు చేస్తే ఇంకొకరు సరిచూడాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి. బోల్టు బిగించే రెంచి, బిగువు తగినంత అవగానే టక్కుమంటుంది, అక్కడ ఆపేయాలి. నేను నీ శిష్యురాలిని కదా, మనశ్శాంతి కోసం ఇంకో అరచుట్టు తిప్పాను. మాస్టారు మొత్తం విప్పించి మళ్ళీ చేయించారు.

ఇంకో నెలలో ప్రాక్టికల్ పరీక్ష. అందులో తేడా వస్తే ఇంటికే. హ్యాంగర్లో చలి ఎముకలు కొరికేస్తోంది.

నీ
నట్టు

తా.క. మాస్టారికి ఇంక రాయకు. నీ ఉత్తరాన్ని నోటీసు బోర్డులో పెట్టారు.


స్కూటర్ల షెడ్డు,
ఆదివారం.

చిరంజీవి నట్టుకి మావయ్య దీవించి రాసేది.

నేను పొరబడ్డాను, ఒప్పుకుంటున్నాను. అనుమానం కాదు, కరువు! నంబరుకొక్క పానా పెట్టుకుని, అది కనపడకపోతే విమానాలు ఆపుకుని కూర్చుంటున్నారంటే పాపం ఎంత ఇబ్బందిలో ఉన్నారో. నా షెడ్డులో పదో నంబరు పానాలే ఆరున్నాయి. వాటిలో నాలుగు ఎక్కడున్నాయో నాకే తెలీదు. అయినా పని ఏనాడైనా ఆగిందా?

పుస్తకం చూసి పని చేయడం ఏమిటమ్మా? నా దగ్గరా స్కూటరు పుస్తకం ఉంది. బండి ఒరగకుండా స్టాండు కింద పెట్టాను, బ్రహ్మాండంగా పనికొస్తోంది. సంతకాలట! బిగించాక రెండు బోల్టులు మిగిలితే అది కంపెనీ వాడి దుబారా అని నీకు ఎప్పుడో చెప్పాను.

చలి అన్నావని అక్క ఉన్ని బనియను అల్లింది, పార్సిల్ చేశాను. నా ఆశీర్వాదం కూడా అందులోనే ఉంది. ఎక్కడుందో చెప్పను. సమయానికి అదే బయటపడుతుంది.

పార్సిల్ వేసి వస్తుంటే, మీ నాన్న నన్ను చూడకుండానే తన పంక్చర్ల కొట్టు లోపలికి దూరాడు. ఎప్పుడు అటు వెళ్ళినా అంతే. తప్పు లేనివాడు మొహం చాటేస్తాడా? నువ్వే చెప్పు.

నీ మంచి కోరే
మావయ్య

తా.క. నోటీసు బోర్డులో పెట్టారన్నావు. మంచి పని చేశారు, పై అధికారులు కూడా చదువుతారు.


శిక్షణ కేంద్రం,
మంగళవారం.

మావయ్యా,

నీ ఆశీర్వాదం దొరికింది. విమానం కింద.

బనియను ఒక పక్క బరువుగా ఉంటే, అమ్మ ఏది అల్లినా బరువేలే అనుకుని ఒంటికి తగిలించుకుని వెళ్ళాను. ఈ రోజే ప్రాక్టికల్ పరీక్ష. చక్రం విప్పాను, బ్రేకు చూశాను, మళ్ళీ బిగించాను. రెంచి టక్కుమనగానే ఆపాను కూడా. పెట్టె సర్దితే నలభై రెండు గుంటల్లో నలభై రెండూ ఉన్నాయి. నా అంత గొప్పది లేదనుకుంటుండగా మాస్టారు టార్చి వేసి నేల చూశారు. చక్రం పక్కన నలభై మూడోది. బొటనవేలంత స్క్రూడ్రైవరు, పసుపుపచ్చ పిడి, మీద నంబరు లేదు.

ఒకటి తగ్గితే ఏం పోయిందో తెలుసు, వెతుకుతారు. ఒకటి ఎక్కువైతే అది ఏ విమానంలోంచి రాలిందో, అలాంటివి ఇంకెన్ని ఎక్కడ ఇరుక్కున్నాయో ఎవరికీ తెలీదు. ఏడు విమానాలు ఆపేశారు. పైలట్లు హెల్మెట్లు ఒళ్ళో పెట్టుకుని బల్లల మీద కూర్చుండిపోయారు. మొత్తం కేంద్రమంతా ఆ స్క్రూడ్రైవరు కేసి చూస్తోంది.

నేను దగ్గరికి వెళ్ళి చూశాను. పిడి మీద పంటి గాట్లు. నావే, పళ్ళు వచ్చేటప్పుడు కొరికినవి. బనియను అంచు తడుముకున్నాను. కుట్టు ఊడి ఉంది.

మాట్లాడకుండా ఊరుకోవచ్చు మావయ్యా. మనసు ఒక్క క్షణం అటు పోయింది కూడా. కానీ ఏడు విమానాలూ విప్పుతారు, ఏమీ దొరకదు, ఎప్పటికీ ఎవరికీ నమ్మకం కలగదు. చెయ్యెత్తాను. "సార్, అది మా మావయ్య ఆశీర్వాదం" అన్నాను. ఎవరూ నవ్వలేదు. అరవై మందిలో ఒక్కరు కూడా.

ఉంచుకోవడమో ఇంటికి పంపడమో శుక్రవారం చెబుతామన్నారు కమాండరు గారు.

నిన్ను తిడుతూ రెండు ఉత్తరాలు రాసి చించేశాను. ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ స్క్రూడ్రైవరు ఇప్పుడు నీ షెడ్డులో లేదు. రేపు దానికోసం తడుముకుని, కనపడకపోతే, ఎవరి మీద పడతావు? పదకొండేళ్ళలో ఒక్కసారి నీ పనిముట్లు లెక్కపెట్టావా? లెక్కపెట్టకుండా మా నాన్నని దొంగన్నావు. ఒక్కసారి షెడ్డు మూసి, విప్పగలిగినవన్నీ విప్పి వెతుకు. అప్పటికీ దొరక్కపోతే మా నాన్న దొంగే. నేనే ఒప్పుకుంటాను.

నట్టు

తా.క. బనియను వెచ్చగా ఉంది. అమ్మకి చెప్పు.


శిక్షణ కేంద్రం,
తర్వాతి సోమవారం.

మావయ్యకి నమస్కారం.

ఉంచుకున్నారు. "చెయ్యెత్తకపోయి ఉంటే ఈపాటికి బస్సులో ఉండేదానివి" అన్నారు కమాండరు గారు. పరీక్ష మళ్ళీ పెట్టారు, పాసయ్యాను. శిక్షగా పరేడ్ దాకా రోజూ రాళ్ళ సంచులన్నీ నేనే మోయాలి. నీ స్క్రూడ్రైవరుని అట్ట మీద కట్టి, కింద "ఆశీర్వాదం" అని రాసి హ్యాంగరు గోడకి తగిలించారు. కొత్తగా వచ్చేవాళ్ళకి పాఠమట.

పాసులు రెండూ ఇందులో పెట్టాను. నాన్నది నువ్వే ఇవ్వాలి.

నీ
నట్టు


స్కూటర్ల షెడ్డు,
శనివారం.

చిరంజీవి నట్టుకి, తల దించుకుని మావయ్య రాసేది.

నీ రెండు ఉత్తరాలూ ముందు పెట్టుకున్నాను. మొదటిది చదివిన రోజు ముద్ద దిగలేదు. నా చేతుల్లో పెరిగిన పిల్ల బతుకు నా చేతులతోనే పాడుచేశానని రెండు రోజులు మంచం మీదే పడుకున్నాను. అక్క భయపడి డాక్టరుని పిలుస్తానంది.

మూడో రోజు షెడ్డు తలుపు మూశాను. ఉన్న పనిముట్లన్నీ నేల మీద పరిచి, గోడ మీద సుద్దతో ఒక్కొక్కదానికి దాని గీత గీశాను. పదో నంబరు పానాలు ఆరు కాదు, తొమ్మిది. ఒకటి దర్జీ దగ్గర గుడ్డ ఎగరకుండా బరువుకి ఉంది. ఒకటి నా దిండు కింద దొరికింది, ఎందుకో అడగకు. చివరికి గోడ మీద ఒక్క గీతే ఖాళీగా మిగిలింది. పదమూడో నంబరుది. దాన్ని గుర్తున్న కొలతతో గీశాను.

విప్పగలిగినవన్నీ విప్పమన్నావు. షెడ్డులో విప్పనిది నా స్కూటరొక్కటే మిగిలింది. ఇంజను మూడుసార్లు దింపాను కానీ, పెట్రోలు ట్యాంకు ఏనాడూ ఎత్తలేదు. చప్పుడుకీ ట్యాంకుకీ సంబంధం ఏముందిలే అనుకున్నాను. ట్యాంకు ఎత్తాను. ఎప్పుడు జారిపడిందో ఏమో, దాని కింద, సందులో, హాయిగా పడుకుని ఉంది. నా గురువు పానా. పదకొండేళ్ళు దాని మీదే కూర్చుని, వీధి వీధంతా తిరుగుతూ మీ నాన్నని దొంగన్నాను. అది నా కిందే ఉండి కటకటమని చెబుతూనే ఉంది. నేల మీద కూలబడి ఏడ్చాను నట్టూ.

ట్యాంకు బిగించి, పానా జేబులో వేసుకుని, పంక్చర్ల కొట్టుకి వెళ్ళాను. మీ నాన్న వీధిలోనే ముక్కాలిపీట మీద కూర్చుని, నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగలు చూస్తున్నాడు. ఎదురుగా బండి ఆపేదాకా తలెత్తలేదు. ఎత్తి, బిత్తరపోయి, "కటకట ఏదీ?" అన్నాడు. పదకొండేళ్ళ తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాట. ఆ చప్పుడు వినపడగానే లోపలికి పోయేవాడట, నన్ను చూస్తే నోరు జారతానేమోనని. ఈసారి దొరికిపోయాడు.

దారంతా అనుకుంటూ వెళ్ళిన మాటలన్నీ మర్చిపోయాను. పానా అతని చేతిలో పెట్టి, "తప్పు నాదే బావా" అన్నాను. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తడి చేత్తోనే మొహం తుడుచుకున్నాడు.

"పానా బాగుందే" అన్నాడు.

అక్కడే ముక్కాలిపీట మీద చెరో సగం కూర్చున్నాం. పాసు ఇచ్చాను. ఇద్దరం కలిసే వస్తాం. మా కుర్చీలు పక్కపక్కనే ఉంచమని మీ మాస్టారికి చెప్పు. నన్ను గేటు దగ్గర జేబులు వెతకమన్నా నాకు అభ్యంతరం లేదు, నేనే చేతులెత్తి నిలబడతాను.

మీ నాన్నకి క్షమాపణ బాకీ తీర్చుకున్న
మావయ్య

తా.క. ఈ ఉత్తరం అంటించబోతుంటే మీ నాన్న షెడ్డుకి వచ్చాడు. గోడ మీద గీతలన్నీ చూసి వెళ్ళిపోయి, నా కాలి పంపు తెచ్చి ముందు పెట్టాడు. "చెయ్యని దొంగతనం అంటగట్టావని ఒళ్ళు మండి, మర్నాడే నిజంగా ఒకటి చేశాను" అన్నాడు. నట్టూ, అది పోయిందని పదకొండేళ్ళుగా నాకు తెలీనే తెలీదు. గోడ మీద దానికి గీత కూడా గీయలేదు. ఇప్పుడే గీశాను.