నలభైకి ఒక్క మెట్టు కింద

వేక్‌ఫీల్డ్,
1996 ఫిబ్రవరి, బుధవారం.

మా రస్సెల్ బాబుకి,

అమ్మ దీవెనలు. ఇక్కడ మీ నాన్న నడుం తప్ప మిగతా అందరం కులాసా. నువ్వూ, నీ గొంతూ, ఆ డొక్కు వ్యానూ కూడా కులాసాగా ఉన్నారనుకుంటాను. జర్మనీలో బ్రెమెన్ నుంచి నువ్వు రాసిన ఉత్తరం నిన్న అందింది. అందులో అసలు సంగతి నా కంట పడకపోలేదు, అక్కడికే వస్తాను. ముందు నువ్వడిగినవాటికి జవాబులు చెప్పనీ. వరస తప్పితే నాకు చెయ్యి సాగదు.

మీ నాన్న సంగతి అడిగావు. ఈ నెలంతా రూబార్బ్ కోతలు కదా. వెలుతురు తగిలితే కాడ పాడవుతుందని ఆ చీకటి షెడ్డులో కొవ్వొత్తులు పెట్టుకుని, వంగి వంగి ఎర్రకాడలు పీకి పీకి నడుం పట్టేసింది. "ఇంక మానెయ్యరాదూ?" అన్నాను. "నేను మానేస్తే నీ పుడింగులోకి కాడలెవరు తెచ్చిస్తారే? మహారాణిగారా?" అన్నాడు. నోటికి మాత్రం ఏ రోగమూ లేదు, కాబట్టి బెంగపెట్టుకోకు.

నీ ఆకుపచ్చ కోటు దొరికింది. కుక్క దాని మీద పడుకుంటోంది. ఉతికాను. ఉతకొద్దని, స్టేజి మీద దానికో అందం ఉందని నువ్వంటావని తెలుసు. అయినా ఉతికాను. ఆ అందం నీళ్లలోకి దిగాక ఆ నీళ్లు నువ్వు చూసి ఉండాల్సింది.

మీ బ్యాండు "శాటర్డే స్టాఫ్" పేరు మీద వచ్చే అభిమానుల ఉత్తరాలు ఇంకా వస్తున్నాయా అని అడిగావు. వంటింటి బల్ల మీద కంచం పెట్టుకోవడానికి చోటు లేదురా. గ్రిమ్స్‌బీ నుంచి ఒకమ్మాయి నువ్వు వేళకి తింటున్నావా అని అడిగింది. తినడని రాశాను. మొన్న శనివారం హల్ నుంచి ఇద్దరు పిల్లలు రెండు బస్సులు మారి వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. టీ ఇచ్చాను. నీ గది తలుపు సందులోంచి చూసి వెళ్తామంటే చూడనిచ్చాను. మీ నాన్న "ఇది ఇల్లా, మ్యూజియమా?" అని గొణుక్కుంటూనే, నువ్వు బళ్లో చేసిన వంకర కొవ్వొత్తి స్టాండు తెచ్చి వాళ్లకి చూపించాడు.

సరే. ఇప్పుడు నీ ఉత్తరం.

హాంబర్గ్ తర్వాత బ్యాండు ఆపేస్తున్నామన్నావు. వారెన్‌తో మాటల్లేవన్నావు. ఒకే వ్యానులో మోకాళ్లు తగిలేలా కూర్చుని మాటల్లేకపోవడమేమిటో నాకర్థం కాలేదు. మా పాట ఎవరికీ అక్కర్లేదు, అది తేలిపోయింది, అభిమానులకి నువ్వే ఒక నోటీసు రాసి పంపెయ్యమ్మా అన్నావు. నేను పంపలేదు. రాయను కూడా లేదు.

మీ మొదటి ప్రోగ్రాం గుర్తుందా? గని కార్మికుల క్లబ్బులో, రెండు బింగో ఆటల మధ్యన. వారెన్ గిటారు తీగ తెగింది, నువ్వు మైకుకి వీపు పెట్టి పాడుతున్నావు. రెండో పాట మధ్యలో ఆ క్లబ్బు కార్యదర్శి మైకు లాక్కుని "వేడివేడి మాంసం పైలు వచ్చాయి, కావాల్సినవాళ్లు లైను కట్టండి" అన్నాడు. హాలంతా లేచిపోయింది. నేనూ, స్కూలు వంటశాలలో నాతో పనిచేసే జాయ్స్, ఒక చెవిటి ముసలాయనా మిగిలాం. మీరు ఆపారా? ముసలాయనకేసి తిరిగి మొత్తం పాడారు. ఆ తర్వాత కదరా లీడ్స్‌లో పబ్బు మేడ మీద పాడటం, హడర్స్‌ఫీల్డ్‌లో ఎవరిదో గ్యారేజీలో మొదటి రికార్డు, లండన్ పత్రికవాడు మిమ్మల్ని "తడిసిన టోస్టు" అని రాస్తే రెండో ఆల్బంకి ఆ పేరే పెట్టడం! నాకు ఆ రోజు ఎంత గర్వమేసిందో. పైల దగ్గర ఆగనివాళ్లు ఇప్పుడు ఒక అంకె దగ్గర ఆగిపోతారా?

ఆ అంకె సంగతే చెప్తాను.

మీ కొత్త పాట విడుదలైన వారం, ఆ ఆదివారం సాయంత్రం మన వంటింట్లో అందరం రేడియో చుట్టూ కూర్చున్నాం. ఆ వారం ఎక్కువ అమ్ముడైన పాటల లెక్క నలభై నుంచి మొదలవుతుంది కదా. నలభై అన్నాడు, వేరేవాళ్ల పాట. ముప్పై తొమ్మిది, వేరేవాళ్లది. "ఇంకా పైనుందేమోరా" అన్నాడు మీ నాన్న. పాపం, నిజంగానే అన్నాడు. అలా ఒకటో నంబరు దాకా విన్నాం. ఎవరూ కప్పు ముట్టుకోలేదు. మర్నాడు తెలిసింది, మనది నలభై ఒకటి అని.

అప్పుడు నువ్వు వారెన్‌తో అన్న మాట నేను గిన్నెలు కడుగుతూ విన్నాను. "పాట మొదలవడానికే నిమిషన్నర. నీ గిటారు అయ్యేలోపు జనం టీ పెట్టుకుని తాగేస్తారు" అన్నావు. వాడు "అవును మరి, నీ మాటలు ఒక్క ముక్క అర్థమైతే టీ మానేసి వినేవాళ్లు" అన్నాడు. ఆరేళ్లప్పటి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్న వెధవలు. వారెన్ కోటు తీసుకుని, నాతో "వస్తానాంటీ" అని కూడా అనకుండా వెళ్లిపోయాడు. మనింట్లోంచి అలా వెళ్లడం వాడి జన్మలో అదే మొదలు.

రస్సెల్, నీ మాటలదీ తప్పు కాదు, వాడి గిటారుదీ తప్పు కాదు. తప్పు నాది.

కూర్చుని చదువు. పాట విడుదలైన మర్నాడు, ఆ మంగళవారం, స్కూల్లో పిల్లల భోజనాలు అయ్యాక, జాయ్స్ చేతులు తుడుచుకుంటూ "మన పిల్లోడి పాటని మనమే కాస్త పైకి తోస్తే పోలా?" అంది. మా వంటశాల ఆడవాళ్లందరం కదిలాం. తెల్లకోట్లు విప్పలేదు, జుట్టుకి వలటోపీలు తియ్యలేదు. తిన్నగా ఇబట్సన్ షాపుకి వెళ్లాం. అమ్మకాలు ఆ రేడియో చార్టు లెక్కలోకి వెళ్లే షాపు ఊళ్లో అదొక్కటే అని నువ్వే చెప్పావు కదా. క్యాసెట్టు, సీడీ, పళ్లెం రికార్డు, ఏది కనిపిస్తే అది చంకన పెట్టుకున్నాం. కౌంటరు దగ్గరి పిల్ల "ఆంటీ, మీరు తీసుకున్నవన్నీ ఒకటే పాట, చూసుకున్నారా?" అంది. "మాకు గదికొకటి కావాలమ్మా, బాత్రూంతో సహా" అంది జాయ్స్. దాని ఇంట్లో పాటలు వినే మిషనే లేదు. ఇప్పటికీ టీ కప్పుల కింద నీ రికార్డులే పెడుతోంది.

నాకెంత ఆనందమేసిందో చెప్పలేను. కొడుక్కి నిచ్చెన పట్టుకున్నానని అనుకున్నాను.

పోయిన శుక్రవారం చేపలూ చిప్సూ కోసం లైన్లో ఉంటే ఇబట్సన్ నా వెనక నిలబడ్డాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. అది చూడగానే ఎవరో పోయారనుకున్నాను.

"బెరిల్, నీకొకటి చెప్పాలి. తిట్టకు" అన్నాడు. "ఆ వారం మా షాపులో అమ్మిన మీవాడి పాటలన్నీ చార్టువాళ్లు లెక్కలోంచి కొట్టేశారు. ఒకే షాపులో, ఒక్క పూటలో, ఒకే పాట అంతలా పోతే వాళ్లకి అనుమానం రాదూ? ఎవరో కావాలని కొనిపించారనుకున్నారు."

"ఎవరో ఏమిటి, మేమే" అన్నాను.

"అది నాకు తెలుసులే తల్లీ. వలటోపీల దండు దిగిందని ఊరంతా చెప్పుకున్నారు."

"మావి తీసేస్తే తీసేశారు. మిగతావాళ్లు కొన్నవో?"

"అవీ పోయాయి. అదే నాకు కడుపు మండుతోంది. సోమవారం నేను తలుపు తీయకముందే పిల్లలు వాకిట్లో ఉన్నారు, వానలో, స్కూలు సంచుల్తో. మధ్యాహ్నానికి మొదటి పెట్టె ఖాళీ. మీరు రానేలేదు అప్పటికి. మా షాపు లెక్క ఉండుంటే మీవాడి పాట రేడియోలో వినిపించేదే. నలభైకీ నలభై ఒకటికీ అంత తేడా ఎక్కడుంది?"

కొన్న చేపలు చేతిలోనే చల్లారిపోయాయి. సిగ్గుతో చచ్చిపోయాను రస్సెల్. ఈ వీధిలో నన్ను ఒక్క మాట అన్నవాళ్లు లేరు, నేనే అందర్నీ అంటాను. ఇంటికొచ్చి మీ నాన్నకి చెప్తే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "వాడికి చెప్పు" అన్నాడు, అంతే.

అయినా చెప్పకుండా ఊరుకుందామనే చూశాను. తర్వాతి పాటకి అదే సర్దుకుంటుందిలే, తల్లి పరువు దక్కుతుంది అనుకున్నాను. నిన్న నీ ఉత్తరం వచ్చింది. పరువూ లేదు గిరువూ లేదు.

ఇప్పుడు నేను చెప్పినట్టు చెయ్యి. ఈ ఉత్తరం జేబులో దాచుకోకు. అమ్మ నవ్వులపాలవుతుందని చూడకు. వ్యానులో నలుగురూ ఉన్నప్పుడు గట్టిగా చదువు, బాత్రూం మాటతో సహా. ముందు వారెనే నవ్వుతాడు. వాడి ఎక్కిళ్ల నవ్వు మొదలైతే నువ్వు ఆపుకోలేవు, చిన్నప్పుడు మీ ఇద్దర్నీ క్లాసులోంచి బయటికి పంపించేవాళ్లు అందుకే. తర్వాత వాడికి నువ్వు క్షమాపణ చెప్పు, నువ్వే ముందు. నువ్వు చదవలేదో, హాంబర్గ్‌లో ఆ హాలుకి ఫోను చేసి వాడికి నేనే చెప్తాను. నంబరు సంపాదించాను.

అంతా తెలిశాక కూడా మీకు విసుగొచ్చి మానెయ్యాలనిపిస్తే మానెయ్యండి. నోటీసు నేనే రాస్తాను, ఏడవకుండా రాస్తాను. కానీ ఎవరికీ అక్కర్లేదని మాత్రం మానకండి. ఆ పిల్లలు వానలో నిలబడ్డారురా. వాళ్లని లెక్కలోంచి తీయించింది నేను.

ఇట్లు,
నవ్వినా తిట్టినా నీ జవాబు కోసం గుమ్మంలోనే ఉండే
మీ అమ్మ,
బెరిల్