మూడోసారి సరిహద్దుకు

అక్కకు,

నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు. విడాకుల కేసు మళ్ళీ వాయిదా పడింది. సరిహద్దులో డ్యూటీ చేస్తున్న సైనికుడు తిరిగొచ్చేదాకా కేసు నడపకూడదట. అది తెలిసే నీ మరిది మూడోసారి కూడా అడిగి మరీ వెళ్ళాడు. మొన్న క్వార్టర్స్‌లో మీటింగు పెట్టి, "అంత ధైర్యవంతుడి భార్యవి, రెండు మాటలు చెప్పమ్మా" అని పెద్దాఫీసరు నన్ను స్టేజీ ఎక్కించాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

నా పెళ్ళి ఫొటో ఒకటి పంపు, కోర్టుకు కావాలి. అమ్మ మోకాళ్ళ నొప్పి తగ్గిందా? ఈ కార్డు నాన్న కంట పడనీయకు. పోస్ట్‌మాన్ ఎలాగూ చదివేసి ఉంటాడు.

"ఆయన ప్రాణాలతో తిరిగొస్తేనే మీకు విడాకులమ్మా" అన్నాడు లాయరు. అందుకని రోజూ ఆయన చల్లగా ఉండాలని మొక్కుకుంటున్నాను. నువ్వూ మొక్కుకో.

నీ చెల్లెలు