మంగళ శుక్రవారాల డాన్సు

జంగారెడ్డిగూడెం,
జూలై 6

ప్రియమైన మీకు,

వందనాలు. ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకంటారా? మీ చెవి కోసం మీరు స్పీకరు పెడితే, మన మాటలు అక్కడ కింది వాటాలో అద్దెకున్నవాళ్లకూ, ఇక్కడ అమ్మాయి సారిక పక్కింటివాళ్లకూ ఆదివారం ప్రసంగంలా వినిపిస్తాయి. ఇది నలుగురికీ వినిపించే సంగతి కాదు.

నిన్న మన సంఘంలోని ఏసమ్మ ఫోన్ చేసింది. "అక్కా, బావగారు డాన్సు ఎంత బాగా చేస్తున్నారో! స్కాట్లండు డాన్సంట!" అంది. రాంగ్ నంబరేమో అనుకున్నాను.

సారిక మళ్లీ బ్యాంకు ఉద్యోగానికి వెళ్తోందని, మనవణ్ని చూసుకోవడానికి నన్నిక్కడ దింపి వెళ్లి మూడు నెలలు. ఇరిగేషన్ ఆఫీసులో ముప్పై ఆరేళ్లు కుర్చీ దిగని మనిషి ఈ మూడు నెలల్లో డాన్సరయ్యారా? పట్టిసీమలో లాంచీ దిగుతూ బల్ల మీద నా కాలు జారితే, మీరు గబుక్కున పట్టుకున్నది టిఫిను క్యారియరుని. నలభై నాలుగేళ్ల కాపురంలో నలుగురి ముందు నా చెయ్యి పట్టుకున్నది ఒక్కసారి, పెళ్లినాడు. అదీ పాస్టరుగారు చెప్తేనే.

ఇప్పుడు ఎవరి చెయ్యి పట్టుకుంటున్నారో పేరుతో సహా రాయండి.

మీ భార్య (ఇప్పటివరకు),
సువార్తమ్మ

రాజమండ్రి,
జూలై 11

ప్రియమైన సువార్తకి,

నీ ఉత్తరం చేరింది. నడకలో తూలుతున్నానని డాక్టరుగారు కాళ్లకేదైనా వ్యాయామం చూసుకోమన్నారు. హెలెన్ గారని, స్కాట్లండులో ముప్పై ఏళ్లు నర్సుగా చేసి వచ్చినావిడ, మంగళ శుక్రవారాలు సాయంత్రం ఐదింటికి పారిష్ హాల్లో ఈ డాన్సు నేర్పుతున్నారు. ఎవరైనా రావచ్చు.

మగవాళ్లొక వరుస, ఆడవాళ్లొక వరుస, ఎదురెదురుగా నిలబడాలి. చర్చిలో కూర్చున్నట్టే కదా అని ధైర్యంగా నిలబడ్డాం. తీరా హెలెన్ గారు "ఇప్పుడు అటువాళ్లు ఇటు, ఇటువాళ్లు అటు" అంటే ఒక్కరూ కదల్లేదు. "ఆడవాళ్ల వైపుకి ఎలా వెళ్తామండీ?" అన్నాడు ఏసురాజు. "నడిచే వెళ్లాలండీ" అని ఆవిడే వాణ్ని లాక్కెళ్లారు.

నాకు జోడీగా బేబి గారిని పెట్టారు. గర్ల్స్ స్కూలు హెడ్మిస్ట్రెసుగా రిటైరయ్యారు. ఈ డాన్సు పాటల్లో వాయించే అకార్డియన్, మన హార్మోనియం లాంటిదే, దాని మోతకి నా చెవి మిషను కీచుమంటుంది. తీసి జేబులో పెడితే పాట వినపడదు. అందుకని ఎనిమిది లెక్కలకోసారి ఆవిడ నా వేళ్లు నొక్కుతారు, నేను తిరుగుతాను. ఒక్కసారీ తప్పలేదు. చాలా ఓపిక గల మనిషి. సెప్టెంబరులో సంఘం వార్షికోత్సవానికి అందరి ముందూ చేస్తాం. నువ్వు చూస్తే నవ్వుతావు.

నీ,
సామ్యేలు

జంగారెడ్డిగూడెం,
జూలై 16

ఎవరికి ప్రియమైనవారో తేలాల్సి ఉన్న భర్తగారికి,

నొక్కుతారా?

నలభై నాలుగేళ్లుగా మీ చెవిలో అరిచి అరిచి నా గొంతు బొంగురుపోయింది. "చాలా ఓపిక గల మనిషి" అన్న మాట నా గురించి మీరెప్పుడూ రాయలేదు. నేను వంటింట్లోంచి కేకేస్తే పేపరు మీంచి తల తిప్పని మనిషి, ఆవిడ వేలితో తాకితే ఒళ్లంతా తిరిగిపోతున్నారన్నమాట.

మీ ఉత్తరం చదువుతుండగానే పిల్లాడు నా చీర తడిపాడు. ఇక్కడ నాకు సంగీతం వాడి ఏడుపు. డాన్సంటారా, వంటింటి నుంచి ఉయ్యాల దాకా, ఉయ్యాల నుంచి వంటింటి దాకా. నా చెయ్యి పట్టుకునేవాడు వాడొక్కడే. పట్టుకుని కొరుకుతాడు.

జోడీ కట్టాలంటే ఏసురాజుతో కట్టండి. లేదంటే మానేయండి. బేబి గారికి నా వందనాలు చెప్పకండి.

సువార్తమ్మ

రాజమండ్రి,
జూలై 22

ప్రియమైన సువార్తకి,

హెలెన్ గారిని అడిగాను. వార్షికోత్సవానికి జోడీలు ఖాయం చేశాం, ఇప్పుడు మార్చలేమన్నారు. మానేశాను. బేబి గారితో చెప్తే "అయ్యో, అలాగా అండీ" అన్నారు, అంతే.

నిన్న మంగళవారం కదా. అలవాటుగా నాలుగున్నరకే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాను. మళ్లీ విప్పి తగిలించాను. వరండాలో ఎనిమిదేసి లెక్కపెట్టుకుంటూ అటూ ఇటూ నడిచాను. తూలడం లేదు.

నువ్వు మనసు కష్టపెట్టుకోకు. భోజనం వేళకి చెయ్యి.

నీ,
సామ్యేలు

జంగారెడ్డిగూడెం,
జూలై 27

ప్రియమైన మీకు,

గెలిచాను. ఆ సంతోషం ఎక్కడుందా అని రెండు రోజులు వెతికాను, కనపడలేదు. కనపడిందల్లా మీరు విప్పి తగిలించిన ఆ చొక్కా.

నిజం రాస్తున్నాను, ఒక్కసారే రాస్తాను. బేబి గారంటే నాకున్న కుళ్లు చిటికెడు. అసలు కుళ్లంతా మీ మీద. డెబ్బై ఏళ్ల వయసులో మీరు కొత్త విద్య మొదలుపెట్టారు. నన్నెవరైనా అడిగారా? "అమ్మ ఉంటుందిలే" అన్నారు అమ్మాయీ అల్లుడూ, "ఆ, ఉంటుంది" అన్నారు మీరు. ముప్పై ఏళ్లు బడిలో పిల్లల చేత కోలాటం ఆడించాను. ఆడింది వాళ్లు, కర్రలు మోసింది నేను.

నిన్న హెలెన్ గారికి ఫోన్ చేశాను. మిమ్మల్ని తిరిగి చేర్చుకోమని అడుగుదామనే చేశాను, ఒట్టు. ఆవిడ నన్ను మాట్లాడనిస్తేనా! "మగవరుసలో ఒకరు తగ్గారండీ. మగవాళ్లు దొరక్కపోతే ఆడవాళ్లనే నిలబెడతాం. మీరొస్తారా?" అన్నారు. మీ సంగతి గుర్తొచ్చేలోపే "వస్తానండీ" అనేశాను.

సారికతో చెప్పాను. "నాన్నకి డైపరు మార్చడం వచ్చా అమ్మా?" అంది. "డాన్సొచ్చిన మనిషికి ఇదెంతే" అన్నాను. కాబట్టి ఆదివారం ఆరాధన అవగానే బస్సెక్కి ఇక్కడికి రండి. వాడికి పదకొండింటికి ఉగ్గు, మధ్యాహ్నం నిద్ర. చెవి మిషను మాత్రం తీయకండి. సోమవారం నేనక్కడికి వెళ్తాను. మంగళవారం బేబి గారి ఎదురుగా నిలబడేది నేనే. ఇక కుళ్లుకోవడం మీ వంతు.

వార్షికోత్సవం అయ్యాక పిల్లాడికి మనిషిని పెట్టుకుంటానంది సారిక. అప్పుడు మీరూ వచ్చేయండి. మగవరుస మాత్రం నేను వదలను. మీకు ఆడవరుసలో, నా ఎదురుగా, చోటు ఉంచమని చెప్తాను.

మీ,
సువార్త