గరుకు పూత

గుణదల,
ఆదివారం, పూజ నుంచి వచ్చాక.

నా చిట్టితల్లి మార్తకు నాన్న దీవించి రాస్తున్నది.

మరియమాత చల్లని చూపు వల్ల గుణదలలో మేమంతా బాగున్నాం. మైసూరులో నువ్వూ, నీ తోటి అమ్మాయిలూ, మీ మదర్ గారూ ఆరోగ్యంగా ఉన్నారని అనుకుంటున్నాను. నీ ఉత్తరం ఎప్పుడో అందినా జవాబు రాయడం బాగా ఆలస్యమైంది. మీ మఠంలో ఫోన్ ముట్టుకోనివ్వరు కాబట్టి, పదో తరగతి పరీక్షల తరవాత పెన్ను మూత తీయని నాచేత కాగితాలు నింపిస్తున్నావు. అక్షరాలు వంకరగా ఉన్నాయని మదర్ గారి ముందు నవ్వకు.

ఈసారి నీ ఉత్తరం నిండా ప్రశ్నలే. ఒక్కొక్కటిగా చెప్తాను. ఆఖర్న ఒకటి అడిగావు చూడు, "నాన్నా, నువ్వక్కడ ఒంటరిగా కుమిలిపోతుంటే నేను మాటపట్టు తీసుకోను, కన్యాస్త్రీని అవ్వను, ఇంటికి వచ్చేస్తాను, నిజం రాయి" అని, దానికి ఆఖర్నే రాస్తాను. కాగితం తిరగేసి ముందే చదివేయకు. చిన్నప్పుడు కథల పుస్తకం కూడా చివరి పేజీ నుంచే మొదలుపెట్టేదానివి.

షుగర్ బిళ్ళలు వేసుకుంటున్నాను. స్వెట్టర్ చాలకపోతే రాయి, పంపిస్తాను. రాగి ముద్ద నమలకూడదు, మింగాలి అని రాశావు. నమలకుండా మింగితే దాన్ని తిండి అనరు, మాత్ర అంటారు. ఇక పిల్లి సంగతి. అది పక్కింటి మాణిక్యమ్మ గారింటికి మకాం మార్చింది. వాళ్ళు నీచు వండరు. మన ఇంట్లో చేప తలకాయలు తిని పెరిగినది, అక్కడ పెరుగన్నం తింటోంది. దానికేం పోయేకాలం వచ్చిందో అనుకున్నాను. కారణం తరవాత తెలిసింది.

మాటపట్టు రోజున మన ఇంటి నుంచి ఎంతమంది వస్తారో భోజనాలకి ముందే చెప్పాలని మదర్ గారు అన్నారట. అది కూడా ఆఖర్న చెప్తాను.

ఇక, "బండికి నేను వేయించిన మ్యాట్ ఎట్టా ఉంది" అని అడిగావు. ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడానికి ఆ ప్రశ్న కూడా ఒక కారణం.

నువ్వు మైసూరు బయల్దేరే ముందు నన్ను ఆటోనగర్ లాక్కెళ్ళావు. "కొత్త బండి, తొట్టికి ఒక్క గీత పడినా నీకు నిద్ర పట్టదు నాన్నా" అని దుకాణాలన్నీ తిరిగి, మందపాటి నల్ల రబ్బరు మ్యాట్ ఎంచి, పికప్ వెనక తొట్టిలో నువ్వే మోకాళ్ళ మీద కూర్చుని పరిచావు. వారానికోసారి తీసి కడిగి, రేకు ఆరబెట్టి మళ్ళీ వేయమని ఆ షాపు అతను మనిద్దరికీ చెప్పాడు. నేను తలూపాను. నిన్ను రైలెక్కించి వచ్చిన సాయంత్రం ఒక డబ్బా గమ్ కొని మ్యాట్ అంచులన్నీ తొట్టికి అతికించేశాను. నువ్వు ఎలా పరిచావో అలాగే ఉండాలనిపించింది. తీస్తే మళ్ళీ నేను వేయాలి కదా, అది నువ్వు వేసినట్టు ఉండదు కదా అనుకున్నాను. ఇంతకంటే వేరే ఆలోచన లేదమ్మా.

పొద్దున హాస్టళ్ళకి మంచినీళ్ళ క్యాన్లు, మధ్యాహ్నం మంగళగిరి నుంచి బసవయ్య గారి చీరల మూటలు, ఇదే కదా నా పని. క్యాన్ల నుంచి కారిన నీళ్ళు ఏ సందులోంచో మ్యాట్ కిందికి దిగాయి. చుట్టూ గమ్ ఉంది, బయటికి పోయే దారి లేదు. పైకి చూస్తే మ్యాట్ నల్లగా నిగనిగలాడుతూ ఉంది. నేను రోజూ గుడ్డతో తుడిచేవాణ్ణి కూడాను.

శ్రావణమాసం రద్దీలో ఒకరోజు వన్‌టౌన్ షాపులో మూట దింపాం. బసవయ్య గారు ముడి విప్పి, అడుగున ఉన్న చీర పైకెత్తారు. తెల్ల చీర, ఆకుపచ్చ అంచు. మధ్యలో అరచేయంత మేర తుప్పు మరక.

"ఏంటి కృపానందం, ఈ రంగు నేను వేయించలేదే" అన్నారు. ఆయన అరిచే మనిషి కాదని నీకు తెలుసుగా. నేను మరకని వేలితో రాసి చూస్తుంటే ఆయనే మళ్ళీ అన్నారు. "బండి సంగతి సరే, నీ సంగతేంటయ్యా? గెడ్డం చూసుకున్నావా? ఆ చొక్కా నిన్నటిదే కదా? మా ఇంట్లోవాళ్ళు కూడా అడుగుతున్నారు, ఆయనకి ఒంట్లో బాగుండట్లేదా అని."

"బానే ఉన్నానండీ. వానలు కదండీ, బట్టలు ఆరట్లేదు" అన్నాను.

ఆ చీర నేనే తెచ్చుకున్నాను. నిమ్మకాయ, ఉప్పు వేసి రుద్దితే మరక పలచబడింది గాని పోలేదు.

మర్నాడు కత్తితో గమ్ కోసి మ్యాట్ ఎత్తాను. చెప్పకూడదనుకున్నాను గానీ, నిజం రాయమన్నావు కాబట్టి రాస్తున్నాను. కింద రేకు పొరలు పొరలుగా లేచిపోయింది. స్క్రూడ్రైవర్‌తో ఒకచోట పొడిచి చూస్తే అటువైపు రోడ్డు కనపడింది. నీ మ్యాట్ తప్పు కాదమ్మా, అది మంచి మ్యాటే. దానికి గాలి ఆడనివ్వంది నేను.

తరవాత ఆటోనగర్ మళ్ళీ తిరిగాను, ఈసారి ఒక్కణ్ణే. ఒకడు ప్లాస్టిక్ తొట్టి చూపించాడు, బండి తొట్టిలోకి అచ్చు దించినట్టు దిగుతుంది. బాగానే ఉంది గాని దాని కింద కూడా ఖాళీ ఉంటుంది, నీళ్ళు చేరతాయి. పైగా నున్నగా ఉంది, బ్రేకు వేస్తే క్యాన్లన్నీ క్యాబిన్ మీదికి వస్తాయి. ఇంకొకడు గళ్ళ ఇనప రేకు వెల్డింగ్ చేస్తానన్నాడు. అది వేస్తే బండి గుణదల నుంచి బయల్దేరితే బెంజిసర్కిల్ దాకా వినపడుతుంది. మూడో చోట జాన్ పాల్ అని మన గుడి విచారణలోని కుర్రాడే, చెక్కపని చేస్తాడు. మద్ది పలకలు చిత్రిక పట్టి పరుస్తానన్నాడు. పాత బండి ఒకటి అలా చేసి ఉంటే చూపించాడు. వేళ్ళతో రాస్తే నున్నగా, చల్లగా ఉంది. వాడు ఫోన్ మాట్లాడటానికి పక్కకి వెళ్ళాడు. నేను తొట్టెక్కి వెల్లకిలా పడుకుని చూశాను.

వాడు వచ్చి చూసి, "ఏంటి బాబాయ్, లోడు నువ్వేనా?" అన్నాడు.

నడుం పట్టేసిందిరా, కాసేపు వాల్చాను అని చెప్పి దిగాను. వాడు నవ్వి ఊరుకున్నాడు. సాయంత్రం బండి, కాగితాలు తెస్తాను, కొలతలు తీసుకో అని కూడా చెప్పాను.

చివర ఉన్న షెడ్డులో సురేష్ అని ఒకతను నల్ల పూత కొడతాడు. మిషన్‌తో రంగులాగా చల్లితే రేకుకే అంటుకుపోయి గట్టిపడుతుంది. మధ్యలో సందు ఉండదు, నీళ్ళు నిలవవు, గరుకు కాబట్టి సరుకు జారదు. "తుప్పంతా గీకి, చిల్లు పడినకాడ కొత్త రేకు అతికిచ్చి, అప్పుడు కొడతానండీ. తుప్పు మీదే కొట్టమంటే మాత్రం నా వల్ల కాదు" అన్నాడు. పూత కొట్టిన రేకు ముక్క ఒకటి నా చేతిలో పెట్టాడు. అరచెయ్యి రాస్తే, కొత్తగా గంట్లు కొట్టిన రుబ్బురోలులా ఉంది. నీళ్ళకీ, చీరలకీ ఇదే మంచిదని ఆ క్షణమే తెలిసిపోయింది. అయినా ముక్క తిరిగిచ్చేసి చెక్కపనికే మొగ్గాను. ఎందుకో ఇప్పుడు చెప్తాను.

ఆ మధ్యాహ్నం బండి కాగితాల కోసం ఇంటికి వచ్చాను. తాళం తీస్తుంటే మాణిక్యమ్మ గారు గోడ మీదుగా చూసి నిలబడిపోయారు. ఆవిడ కాళ్ళ దగ్గర మన పిల్లి. అది నన్ను చూసి కూడా కదల్లేదు.

"ఊళ్ళోనే ఉంటున్నారాండీ మీరు?" అన్నారావిడ. "ఇల్లు అద్దెకిస్తారేమోనని ఇద్దరు ముగ్గురు వచ్చి అడిగిపోయారు. నేనేం చెప్పేది? తాళమే కదా కనపడేది. పాపం ఈ పిల్లి మీ గడప దగ్గర పడుకుని పడుకుని, ఆకలేసి మా ఇంటికొచ్చింది."

"అద్దెకివ్వటం లేదండీ. మేం ఉంటున్నాం" అన్నాను. లోపలికి వచ్చాక, ఆ మాట నా చెవులకే కొత్తగా వినిపించింది. మేం అంటే ఎవరు? ఈ ఉత్తరం మొదట్లో కూడా మేమంతా బాగున్నాం అని రాశాను. ప్రతి ఉత్తరంలో అదే రాస్తున్నాను. మీ అమ్మ తెరేస ఉన్నప్పుడు ముగ్గురం కాబట్టి మేమంతా. తను పోయాక నువ్వూ నేనూ కాబట్టి మేమంతా. ఇప్పుడు చెయ్యి అలవాటుకొద్దీ రాసేస్తోంది, మార్తా.

నీ ఆఖరి ప్రశ్నకి జవాబు ఇదే. నువ్వు వెళ్ళిన వారంలోపే నేను ఇంట్లో పడుకోవడం మానేశాను. నీళ్ళ ప్లాంటు ఆవరణలో బండి పెట్టుకుని, తొట్టిలో నీ మ్యాట్ మీదే పడుకునేవాణ్ణి. వానొస్తే టార్పాలిన్ కప్పుకునేవాణ్ణి. స్నానం ప్లాంటులోనే, తిండి హోటల్లో. ఆదివారం పూజకి తెల్లచొక్కా కోసం ఇంటికి వచ్చి, మార్చుకుని వెళ్ళిపోయేవాణ్ణి. నువ్వు ఉన్నప్పుడు గేటు చప్పుడైతే చాలు, వంటింట్లోంచే "వచ్చావా నాన్నా" అనేదానివి. తలుపు తీశాక ఆ మాట వినపడకపోతే లోపలికి అడుగు పడేది కాదు. మొదట్లో నాలుగు రోజులు చూశాను. తరవాత చేతకాలేదు. నాకు నువ్వు లేకుండా చాలా కష్టంగా ఉందమ్మా. ఇది ఎవరికీ చెప్పలేదు. ఫాదర్ గారికి కూడా.

చెక్క పలకలు నున్నగా ఉన్నాయని ఎందుకు మొగ్గానో ఇప్పుడు తెలిసిందిగా. సరుకు కోసం కాదు, నా వీపు కోసం. అవి వేయించుకుంటే ఇంకో పదేళ్ళు హాయిగా అందులోనే పడుకునేవాణ్ణి. ఇంటికి ఎవరో అద్దెకి వచ్చేవాళ్ళు.

ఆ రోజు కాగితాలు తీసుకుని జాన్ పాల్ దగ్గరికి వెళ్ళలేదు. తిన్నగా సురేష్ షెడ్డుకే పోయి, గరుకుది కొట్టు బాబూ, ఎంత గరుకుంటే అంత మంచిది అన్నాను. అతను వింతగా చూశాడు. బండి అక్కడ ఉన్నన్నాళ్ళూ నాకు వేరే దారి లేదు కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. ఏమీ బాగాలేదు. నీ కంచం, నీ దువ్వెన ఎక్కడివక్కడే ఉన్నాయి. రేడియో పెట్టాను, కట్టేశాను. కొండమీద గుడి మైకులో జపమాల వినపడితే నేను కూడా చెప్పుకున్నాను, మధ్యలో నీ వంతు వచ్చినచోట ఆగిపోయాను.

నిన్న బండి వచ్చింది. చాలా బాగా కుదిరింది, నువ్వు చూస్తే మెచ్చుకుంటావు. చీకటి పడ్డాక బుద్ధి ఊరుకోక, ఎక్కి ఒకసారి పడుకుని చూశాను. అటు తిరిగితే మోచెయ్యి గీసుకుంది, ఇటు తిరిగితే వీపు. దిగి ఇంట్లోకి వచ్చేశాను. బసవయ్య గారి మరక చీర నాలుగు మడతలు వేసి మంచం మీద పరుచుకుని పడుకున్నాను. సరిగా నిద్ర పట్టలేదు. పొద్దున పిల్లి గుమ్మం దాకా వచ్చి, లోపలికి తొంగిచూసి, మళ్ళీ గోడ దూకి వెళ్ళిపోయింది. దానికింకా నమ్మకం కుదరలేదు.

కాబట్టి నిజం ఇది, తల్లీ. నేను ఒంటరిగానే ఉన్నాను. కుమిలిపోతున్నానంటే, కొన్ని రోజులు అవును. కానీ నా మీద జాలితో మాత్రం రాకు. అలా వస్తే ఆ మ్యాట్ లాగే గాలి ఆడనివ్వకుండా నిన్ను ఇంటికి అతికించేస్తాను, నా సంగతి నాకు తెలుసు. అక్కడ నీ మనసు నిలవకపోతే, నీకోసం నువ్వు రావాలనుకుంటే, రా. తాళం ఉండదు. నిలిచిందంటే మాటపట్టు తీసుకో. ఆ రోజు నుంచి నిన్ను సిస్టర్ గారూ అని పిలవాలట కదా. పిలుస్తాను. నోరు తిరగడానికి ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నాను.

మదర్ గారికి చెప్పు. ఆ రోజు గుణదల నుంచి మేమంతా వస్తాం. ఒక్క ప్లేటు చాలు.

ఇట్లు,
ఇంట్లో కూర్చుని రాస్తున్న
మీ నాన్న,
కృపానందం