సోడామూత సక్రం

అన్నియ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. నీకు వర్క్‌షాపు డ్యూటీ లేని ఆదివారాలు సుభాష్‌పల్లి క్లబ్బులో నువ్వు నడిపిన పిల్లల క్లాసు మళ్లీ తెరిచినాను. అగ్గిపెట్టెలు, చీపురుపుల్లలు, సోడామూతలతో బళ్లు కడుతున్నారు.

బడిలో తెలుగు చెప్పేదాన్నని ఓసారి పిల్లలందరి ముందూ నిన్ను దిద్దినాను. "సక్రం కాదన్నియ్యా, చక్రం." నువ్వు తల దించుకుని, సోడామూతని వేలితో తిప్పి, "తిరుగుతంది కదేటమ్మా" అన్నావు. ఆ తర్వాత నేనుంటే ఆ మాట నీ నోట రాలేదు.

ఇవాళ, నీ దగ్గర బళ్లు కట్టడం నేర్చిన బెంగాలీ పిల్ల మిఠు తను కట్టిన బండి తెచ్చింది. వాళ్ల భాషలో చక్రాన్ని చాకా అంటారు. అయినా నన్నిలా అడిగింది: "దీదీ, సక్రం ఠీక్ ఆఛే?"

దాని సోడామూతని వేలితో తిప్పి చూసినాను. తర్వాత, "సక్రం బాగుందమ్మా" అన్నాను.

నీ సెల్లి